ముప్పావు ట్యాంకు

“ఆంటీ, వచ్చే శనివారం మేమిద్దరం కారు అద్దెకి తీసుకుని మలేషియా వెళ్తున్నాం, దేశారు బీచికి. మీరెప్పుడైనా వెళ్లారా?” అన్నాను. వరలక్ష్మి ఆంటీ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ నవ్వారు. ఆ నవ్వు ఎంత బాగుందో! ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

వెళ్లకేటి తల్లీ. అంటే, మొదటిసారి వెళ్లలేదనుకో. బయల్దేరాం గానీ... ఉండు, మొదట్నుంచీ చెప్తాను.

మేం ఈ ఊరొచ్చింది కంప్యూటర్ల వాళ్లకి గిరాకీ మండిపోతున్న రోజుల్లో. రెండువేల సంవత్సరం వస్తే లెక్కలన్నీ తారుమారైపోతాయని బ్యాంకులు బెంబేలెత్తిపోయేవి కదా. మీ అంకుల్‌కి ఆ పాతకాలం కంప్యూటరు పని వచ్చు. నలభై నాలుగేళ్ల మనిషిని విమానం టిక్కెట్టిచ్చి మరీ పిలిచారు. అప్పుడు హాకర్ సెంటర్లో కాఫీ అరవై సెంట్లు. కాదు, యాభయ్యే. ఏదోలే.

మా అమ్మాయి సుజకి అప్పుడు పదమూడేళ్లు. భీమిలిలో మా గుమ్మం దిగితే ఇసకే. అలాంటి పిల్లని బడి మధ్యలో లాక్కొచ్చేశాం. ఇక్కడే, సెంబవాంగ్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాటు. కిటికీలోంచి చూస్తే ఓడలూ, క్రేన్లూ. వచ్చిన వారానికి వాళ్ల నాన్నతో ఒక్క మాటంది: “ఈ ఊళ్లో సముద్రానికి కూడా అలల్లేవు.” అంతే. నాలుగు నెలలు ఆయనతో మాట లేదు. “అమ్మా, ఉప్పు ఇటిమ్మను” అనేది, ఆయన పక్కనే కూర్చునుంటే. ఆయన ఉప్పు జరిపేవారు. నాకెలాగుండేదో ఏటని చెప్పను.

మలేషియా వెళ్లే వంతెన దాటి కొన్ని గంటలు పోతే దేశారు, అక్కడ నిజమైన అలలని ఆఫీసులో ఎవరో చెప్పారట. ఇంకేముంది! టాన్ అని, తోటి ఉద్యోగి, చైనా ఆయన, చాలా మంచివాడు, వాళ్లావిడ నాకు కుట్టుమిషను కూడా... సరే, అదొద్దు, ఆయన కారిచ్చాడు. వీసాలయ్యాయి. మీ అంకుల్ మూడు వారాలు గీతల నోటుబుక్కులో ప్లాను రాశారు. ఐదింటికి స్నానాలు, ఆరుంబావుకి బయల్దేరుట, ఏడింటికి వంతెన, తొమ్మిదిన్నరకి అలలు. ఆ కింద పెన్సిలుతో, చిన్న అక్షరాలతో, ‘పదింటికి సుజతో నడక’. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఇక మా తెలివి విను. “అవతల పెట్రోలు చవకట. ఇక్కడ పోయించడం దండగ” అన్నారు. ముల్లు కిందికి దిగిపోతున్నా అలాగే పోనిచ్చారు. నేనూ తలూపాను, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని. వెనక సీట్లో సుజ, కిటికీకేసి మొహం తిప్పుకుని.

సరిహద్దు దగ్గర ఆఫీసరు ముల్లు చూశాడు. “నాట్ త్రీ క్వార్టర్ ట్యాంక్ అంకుల్, కెనాట్ గో లా. యూ టర్న్.” ఇక్కడి కారు ముప్పావు ట్యాంకు నింపుకునే దాటాలట, అందరూ చవక పెట్రోలుకి అటు పరిగెత్తకుండా. మీ అంకుల్ స్టీరింగు పట్టుకుని, ఆ నోటుబుక్కు వైపే చూస్తూ... కళ్లలో నీళ్లు తిరిగాయమ్మా. పెట్రోలు కోసం కాదు కదా అవి.

అప్పుడు వెనకనుంచి, “ఈ రూలు నాకు తెలుసు నాన్నా. మా స్కూల్లో అందరికీ తెలుసు.”

ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మాట ఎక్కడ ఆగిపోతుందోనని కాబోలు. “మరి చెప్పలేదేటే?”

“చెప్పాలంటే నీతో మాట్లాడాలి కదా!”

ముందెవరు నవ్వారో గుర్తులేదు. వెనక కార్లన్నీ హారన్లు.

బంకులో పోయించుకుని వచ్చేసరికి వంతెన మీద కార్లు చీమలబారు. ఇక లాభం లేదని ఈ ఊళ్లో బీచికే, పాసిర్ రిస్ పోయాం. అదీ అలల్లేని సముద్రమే, పళ్లెంలో నీళ్లలాగ. పులిహోర తిన్నాం. సుజ నోటుబుక్కు లాక్కుని, ‘పదింటికి’ కొట్టేసి, ‘పన్నెండుంబావుకి’ అని రాసి, “లే నాన్నా” అంది. ఇద్దరూ నీళ్ల వారనే పోయారు. చుక్కల్లాగ అయిపోయేదాకా చూశాను. ఎండకి కాళ్లు మాడిపోతున్నా లేవలేదు...

దేశారు తర్వాతెప్పుడో వెళ్లాంలే. అలలున్నాయి. బానే ఉంది.

నువ్వూ మీ ఆయనా చల్లగా వెళ్లి రండి తల్లీ. ట్యాంకు నింపుకోండి. దారిలో కోపాలొస్తాయి, కార్లో రాకుండా ఉంటాయేటి... వచ్చినా, నీకు తెలిసింది అతనికి చెప్పెయ్యమ్మా. మాట దాచుకోకు. అంతే... ఏదీ, ఆ మిగిలిన చిక్కుడుకాయలు ఇలా ఇయ్యి.