పచ్చి టమాటాలు

వంటగదిలో తల్లి ఉల్లిపాయలు తరుగుతోంది. కొడుకు తెచ్చిన కూరల సంచి గట్టు మీద అలాగే ఉంది.

“విమానాల కంపెనీ వాళ్ళు అంతమందిలో నిన్ను ఏరుకుని, ఇప్పుడు వద్దనడమేంట్రా?”

“ఇంటర్వ్యూ దాకా అన్నీ బాగానే అయ్యాయమ్మా. కళ్ళ పరీక్షలో పోయింది. రంగు చుక్కల బొమ్మ చూపించి, అందులో ఏ అంకె ఉందో చెప్పమన్నారు. నాకు చుక్కలే కనిపించాయి.”

“కళ్ళజోడు పెట్టుకుంటే?”

“దీనికి కళ్ళజోడు లేదు. ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకేలా ఉంటాయట. విమానంలో వైర్లు రంగు చూసే కలపాలి. ఇంటర్న్‌షిప్‌కైనా అదే రూలన్నారు.”

“అందుకా ఎప్పుడూ పచ్చి టమాటాలు తెస్తావు? శ్రద్ధ లేదని ఎన్ని తిట్లు తిట్టాను.”

“నేనూ శ్రద్ధ లేకే అనుకున్నానమ్మా.”

“మా నాన్నా అంతే. పండ్లు తెమ్మంటే కాయలు తెచ్చి, మా అమ్మ చేత చీవాట్లు తినేవాడు.”

“డాక్టరు కూడా తాతయ్య గురించే అడిగాడు.”

“మా నాన్నది నీకెలా వస్తుంది? మధ్యలో నేనున్నాను. నాకు రంగులన్నీ తెలుస్తాయే.”

“నీకేం లేదులే అమ్మా. తల్లికి బయటపడకుండానే దాటిపోతుందట.”

“అయితే నా నుంచే వచ్చిందా?”

“అబ్బే, ఊరికే వస్తుందట.”

“అబద్ధమాడినప్పుడల్లా చెవి పట్టుకుంటావు, చిన్నప్పటి నుంచీ.”

“ఉల్లిపాయలు చాలమ్మా. ఎంతసేపు తరుగుతావు?”

“సరే, ఆ సంచి ఇటివ్వు. ... ఇవాళ అన్నీ ఎర్రవే తెచ్చావే.”

“కొట్టువాణ్ణే ఏరి ఇమ్మన్నానమ్మా.”