ఉలవ మూతికి నెత్తురు

సుంకమ్మ అని ఒకామె ఉండె. గొర్లు కాసే కరెప్ప పెండ్లాము. కొండ కింద వాళ్ళ మంద. కూతురు ఒకతే, బొమ్మక్క అని, పాలపండ్లు ఊడే వయసు. ఏమైందంటే, ఒక ఏడు వానలకు ముందు పిట్టలోళ్ళు వచ్చి ఆ కొండ కింద గుడారాలు వేసుకోని ఉండిరంట. తెలుసు గదా, వలలు, ఉచ్చులు, కుందేళ్ళు, కౌజు పిట్టలు, వాళ్ళ బతుకంతా వేట. వాళ్ళు లేచిపోయే పొద్దు ఒక ముసలామె చంకలో చిన్న కుక్కను పెట్టుకోని సుంకమ్మ దగ్గరికి వచ్చిందంట. దాని ముందుకాలికి ముల్లు దిగి వాచి ఉందంట. అమ్మా, ఇది నడవలేదు, మాతో వస్తే దారిలో పోతాది, నువ్వు పెట్టుకో, బతికితే నీదే అనిందంట. వద్దు తల్లీ, మాకు కుక్కలు ఉండాయి అని సుంకమ్మ అనబోయింది. అనేలోగా బొమ్మక్క దాన్ని ఎత్తుకునేసింది. ఇంకేముంది. ముసలామె పోతా పోతా వెనక్కి తిరిగి, "దీనికి కడుపు నిండితే చాలదమ్మా, ముక్కు కూడా నిండాల" అనిందంట. సుంకమ్మకు ఏమీ అర్థం కాలేదు. కాలు వాచిన కుక్కకు ముక్కుతో ఏం పని అనుకునింది. కుక్క ఇంతే ఉంటాది, చేటలో పండుకోబెట్టొచ్చు. పొట్టి కాళ్ళు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి, ఉలవల రంగు. ఉలవ అనే పేరు పెట్టింది బొమ్మక్క.

పసుపు, వేపాకు నూరి కడితే కాలు మానింది. మానినాకే మొదలు. పొయ్యి గడ్డ తవ్వేసిందంట. తవ్వి ఆ బూడిదలో పొర్లి, ఆ బూడిదతోనే వచ్చి పరుపు మీద ఎక్కిందంట. కరెప్ప కంబళి అంచు పట్టుకోని పోగులు పోగులు పీకిందంట. మంద ఈ చివర గొర్రెల కాళ్ళ సందున దూరి ఆ చివర తేలిందనుకో, మందంతా బెదిరి ఒకదాని మీద ఒకటి. కరెప్పకు రెండు కుక్కలు ఉండె, దూడలంత. మంద పక్కన పండుకుంటే లేపినా లేయవు. ఆయనకు కుక్కంటే అట్లా ఉండాల. "ఏమే, ఇది కుక్కా, దయ్యం పట్టిన ఉడతా?" అన్నాడంట. అని ఏం చేసినాడు, పారిపోయే ఆవుకు మెడలో గుదికర్ర కడతారు చూడండి, ఉరికితే మోకాళ్ళకు తగిలేట్టు, అట్లాంటిది చిన్నది చెక్కి ఉలవ మెడలో కట్టినాడు. అది ఒక అడుగు వేసింది, కర్ర తగిలింది. ఇంకో అడుగు, మళ్ళీ తగిలింది. కూలబడిపోయింది. పాలు పోస్తే తాగలేదు. పగలంతా అరిచింది. మొరగడం కాదు, పసిబిడ్డ ఏడ్చినట్టు. ఆ ఏడుపు వినపడతా ఉంటే సుంకమ్మకు చేతిలో పని సాగలేదంట. ఒక్క బిడ్డను పెంచిన తల్లి. ఎట్లా సాగుతాది.

మర్నాడు కరెప్ప మందను తోలుకోని పోయినాక బొమ్మక్క ఆ కర్ర ఊడబీకి, దాన్ని తీసుకోని వంక దిక్కు పోయింది, వానలు లేనప్పుడు ఉత్త ఇసుకే ఉండే వాగు అది. సుంకమ్మ చూసింది, చూసి ఊరుకునింది. మధ్యాహ్నానికి ఇద్దరూ తిరిగొచ్చినారు, తల నుంచి కాలి దాకా ఇసుక. ఉలవ నేరుగా వచ్చి సుంకమ్మ పాదాల మీద పడి నిద్రపోయిందంట. పొయ్యి జోలికి పోలేదు, కంబళి జోలికి పోలేదు. అప్పుడు ఆమెకు ముసలామె అన్న మాట అర్థమైంది. ఓహో, దీని ముక్కుకు ఆకలేసిందా అనుకునింది. ఆ తర్వాత తనే పోవడం మొదలుపెట్టిందంట. పొద్దున్నే వంకకు పోయి, ఎండిన ఎముక ఒకటి ఇసుకలో పూడ్చి, వెతుక్కో పో అనేది. అది తోక ఊపుకుంటా ముక్కు నేలకు రాసుకుంటా తిరిగి తిరిగి, దొరకబట్టి, తవ్వి, ఏదో రాజ్యం గెలిచినట్టు తెచ్చి చూపించేది. ఒకరోజు అది కుందేలు వాసన పట్టి ఉరికింది. సుంకమ్మ వెంటపడింది. ఈమె ఉరికే కొద్దీ అది ఇంకా ఉరికింది, ఆట అనుకోని. ఈమెకు ఆయాసం వచ్చి, పోతే పో అని ఇంటి దిక్కు తిరిగి నడిచింది. నడిస్తే ఏముంది, వెనక టపటపా అడుగులు. అప్పటి నుంచి దాన్ని పిలవాలంటే తను తిరిగి నడిచేది. గట్టిగా అరిస్తే అది ఇంకా రేగిపోతాది, మెల్లగా మాట్లాడితే మెల్లబడతాది. సాయంత్రం ఒళ్ళో వేసుకోని చెవుల్లో పిడుదులు తీసి, కాలి వేళ్ళ సందున పల్లేరుగాయలు తీసి, ఆముదం రాసేది. అది బోర్లా పడి గురకపెట్టేది. "మీ అమ్మకు ఇంకో కూతురు పుట్టిందమ్మా" అని కరెప్ప బొమ్మక్కతో అనేవాడంట. నవ్వతా అన్నాడో, ఏడుస్తా అన్నాడో.

ఇంత బాగుంటే ఇంక కథెందుకు. ఒకరోజు ఉలవ పందికొక్కును పట్టుకోని వచ్చింది. దానంత ఉంటాది పందికొక్కు. ఈడ్చుకోని తెచ్చి గడప ముందర పెట్టి, మూతి నిండా నెత్తురుతో తోక ఊపుకుంటా నిలబడింది. ఇప్పుడు మీరు ఒకటి తెలుసుకోవాల. గొర్లు కాసేవాళ్ళకు మూతికి నెత్తురైన కుక్క అంటే భయం. నెత్తురు రుచి తెలిసింది అంటే రేపు గొర్రెపిల్ల మీద పడతాది అని. అట్లాంటి కుక్కను వాళ్ళు ఉంచుకోరు. కరెప్ప కట్టె ఎత్తి నడుం మీద ఒకటి వేసినాడు. సుంకమ్మ కూడా, పిల్ల చూస్తా ఉంది గదా, భయపడి, ఆ పందికొక్కును లాక్కోని విసిరేసి, ఛీ ఛీ అని చీపురుతో తరిమింది. ఉలవ మంచం కింద దూరి ఆమెనే చూస్తా ఉందంట. ఎముక తెస్తే ముద్దు చేసిన మనిషి, ఇంత పెద్దది తెస్తే చీపురు ఎత్తిందే అని దానికి ఉండదా. కొన్నాళ్ళకు మళ్ళీ తెచ్చింది. మళ్ళీ అదే అయింది. కరెప్ప అన్నాడంట, "ఇంకొకసారి దీని మూతికి నెత్తురు చూసినానా, కొండకు అవతల వదిలేసి వస్తా. పులి తింటే తింటాది, నక్క తింటే తింటాది." బొమ్మక్క ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఏమైందంటే, ఒకరోజు మధ్యాహ్నం ఉలవ కనపడలేదు. పిలిస్తే పలకలేదు. బొమ్మక్క వెతుక్కుంటా పోయి, ఉరుక్కుంటా తిరిగొచ్చింది. "అమ్మా, వంక గట్టులో బొక్క ఉంది, ఉలవ దాంట్లో ఉంది, ఏడుస్తా ఉంది, రావడంలేదు." సుంకమ్మ పోయింది. కరెప్ప కూడా మందను నిలబెట్టి వచ్చినాడు. రేగుచెట్టు వేర్ల కింద బొక్క, మనిషి చెయ్యి భుజందాకా పోతాది, అంతే. లోపల నుంచి సన్నగా కుయ్యి కుయ్యి. రొట్టె చూపించినారు, రాలేదు. పాలు పెట్టినారు, రాలేదు. ఇరుక్కునింది, గడ్డపారతో తవ్వుదాం అన్నాడు కరెప్ప. తవ్వితే గట్టు కూలుతాది, ఇసుక గట్టు, అనింది సుంకమ్మ. ఆ మాట మీద ఉండగానే పైన కొండ మీద మబ్బు నల్లగా దిగింది. వాళ్ళున్న చోట చినుకు లేదు, కానీ కొండ మీద కురిసిందంటే వంక వస్తాది. వంక వస్తే చెప్పి రాదు. మీకు చెప్పాలా. ఆ బొక్క వంక అడుక్కు మూరెడు ఎత్తులో ఉందంట.

బొమ్మక్క ఏడుపు. కరెప్ప పైకీ కిందకూ తిరుగుతా ఉండాడు. సుంకమ్మ పొట్ట మీద పండుకోని, చెంప ఇసుకకు ఆనించి లోపలికి చూసింది. చూస్తే ఉలవ ముందుకే జరిగి ఉంది. ముఖం కనపడతా ఉంది. మూతి ఎర్రగా ఉంది. ఆమె చూసింది, అదీ చూసింది. చూసి, ఆమె వెనకాల నిలబడిన కరెప్ప చేతిలో కట్టె చూసి, వెనక్కి వెనక్కి జరిగి చీకట్లో కలిసిపోయింది. నీళ్ళియ్యి పాపా కొంచెం. తాగి చెప్తా మిగతాది.

సుంకమ్మ లేయకుండానే అనిందంట, "ఏమయ్యా, ఇది ఇరుక్కోలేదు. పట్టింది. పట్టి, నోట్లో పెట్టుకోని, బయటికొస్తే కొడతారని లోపలే కూర్చోనుంది. నువ్వు ఆ కట్టె పారెయ్యి." పారేయనన్నాడు కరెప్ప. బయట మంద నిలబడి ఉంటే కట్టె నేల మీద పెట్టకూడదంట వాళ్ళలో. పెడితే మందను వదులుకున్నట్టే. "అయితే గట్టెక్కి అవతలికి పో. నిన్ను చూస్తే అది రాదు." "వంక వస్తా ఉందే, నిన్ను ఇక్కడ వదిలి యాడికి పోయేది?" "పిల్లను ఎత్తుకోని పో అంటా ఉండా గదా!" ఆమె ఎప్పుడూ అంత గట్టిగా అనలేదంట ఆయన్ను. ఆయన పిల్లను ఎత్తుకోని, కట్టె పట్టుకోని, గట్టెక్కి పోయినాడు.

సుంకమ్మ చెయ్యి లోపలికి పెట్టలేదు. పేరు పెట్టి అరవలేదు. ఎముక తెచ్చినప్పుడు ఎట్లా మాట్లాడేదో అట్లా, మెల్లగా, ఏం పట్టినావే, చూపించవే, అబ్బో ఎంత పెద్దదో మా తల్లి పట్టింది, చూపించవే అంటా ఉంది. పై నుంచి సడి వస్తా ఉంది. ఆమె చూపించవే అంటానే ఉంది. రానీ, రాకపోనీ. కొంచేపటికి మూతి వచ్చింది. మూతిలో పందికొక్కు. సగం బయటికొచ్చి నిలబడి ఆమె చేతులే చూసిందంట, చీపురు ఉందా అని. లేదు. మెల్లగా వచ్చి దాన్ని ఆమె మెడ పక్కన పెట్టి, ఆమె ముఖమంతా నాకింది. నా తల్లే, నా బంగారే అని ఈమె దాన్ని మెచ్చుకునింది. మెచ్చుకుంటే ఏం చేస్తాది చెప్పండి? ఏం చేస్తాది, ఇంకోటి తెస్తానుండు అని గిర్రున తిరిగి మళ్ళీ బొక్కలోకి దూరింది! అదీ ఉలవ అంటే. ఎర్రనీళ్ళు వంక మలుపు తిరిగినాయి. సుంకమ్మ అప్పుడు మెల్లగా మాట్లాడలేదు. భుజందాకా చెయ్యి దూర్చి, దొరికిన వెనక కాళ్ళు రెండూ కలిపి పట్టుకోని ఒక్క లాగు లాగింది. అది వచ్చింది, దాంతో పాటు ఇసుకా వచ్చింది, రేగుచెట్టు వేర్లతో సహా గట్టు సగం కూలింది. ఆమె దాన్ని గుండెకు అదుముకోని, మోకాళ్ళ మీద, మోచేతుల మీద పాకి గట్టెక్కింది. కింద బొక్క ఉన్న చోట నీళ్ళు సుళ్ళు తిరుగుతా ఉండాయి.

పైన కరెప్ప నిలబడి ఉండాడు. చూసినాడు. పెండ్లాము జుట్టు నిండా ఇసుక, చంకలో కుక్క. కుక్క మూతికి నెత్తురు, ఈమె మూతికీ నెత్తురే, అది నాకింది గదా. సుంకమ్మ ఆయాసపడతానే అనిందంట, "ఇద్దరి మూతికీ నెత్తురుంది. ఇద్దర్నీ తీసకపోయి కొండకు అవతల వదిలేసి రా." బొమ్మక్క నాయన చెయ్యి పట్టుకోని, "నాయనా, వద్దు నాయనా" అంటా ఉంది. కరెప్ప మందను చూసినాడు. వంకను చూసినాడు. చేతిలో కట్టెను చూసినాడు. చూసి, దాన్ని కూతురు చేతికిచ్చినాడంట. పట్టుకో, కింద పెట్టొద్దు అని. ఇచ్చి, తలగుడ్డ విప్పి, గట్టు అంచున వంగి నీళ్ళల్లో తడిపి తెచ్చి, ఉలవ మూతి తుడిచినాడు. అది ఆ గుడ్డ పట్టుకోని లాగింది, ఇడవదే. "ఇడువే, నా తలగుడ్డ!" అన్నాడంట. ఆ రోజు నుంచి ఉలవ పట్టుకొచ్చినప్పుడల్లా గడప అవతలే ఆపి, మూతి కడిగి, శభాష్ అని ఒక మాట అని, అప్పుడు మందలోకి వదిలేవాళ్ళంట. ఒక్క గొర్రెపిల్లనూ అది ముట్టలేదు. పందికొక్కులకు మాత్రం ఆ వంకలో ఇల్లు లేకుండా పోయింది.

అంతే. కుక్క మూతి సరే, సుంకమ్మ మూతి ఎవరు తుడిచినారు అని మీరు అడగలేదు. ఆయనే తుడిచినాడంట, అదే గుడ్డతో. అది మాత్రం ఆయన ఎవ్వరికీ చెప్పుకోలేదు. మరి నీకెట్లా తెలిసిందంటావా? గొర్లు కాసేవాళ్ళ ఆడోళ్ళు తక్కువ మాట్లాడతారు, అంతే, అసలు మాట్లాడరని కాదు.