ఏడో గడి ఖాళీగా వదిలిన మేడమ్ గారికి

పందొమ్మిది వందల తొంభై ఆరవ సంవత్సరం, జూన్ నెల పదిహేడవ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు మన మేడమ్ గారు ఈ యువజన విద్యా, ఉపాధి మార్గదర్శక కార్యాలయంలో సహాయ సలహాదారుగా బాధ్యతలు స్వీకరించారు. స్వీకరించవలసిన సమయం పది గంటలు. ఆ అరగంటా ఆమె ఎక్కడున్నారో హాజరు పుస్తకంలో లేదు గానీ, నమోదు కిటికీలో కూర్చున్న నేను కళ్ళారా చూశాను. బడి మానేసి రెండేళ్ళుగా ఇంట్లో ఉండిపోయిన ఒక అమ్మాయి పైకి రావడానికి జంకి మన మెట్ల మీద కూలబడి ఉంటే, కొత్తగా చేరబోతున్న ఈ అధికారిణి ఇస్త్రీ చీరతో పక్కనే చతికిలబడి కబుర్లు చెబుతున్నారు. ఆనాటి నుంచి పిల్లలకు ఆమె మెట్ల మేడమ్ అయ్యారు. నాకు తలనొప్పి కూడా ఆనాడే మొదలైంది.

అభినందన సంచికలో ఇలా రాయవచ్చునా అని సంపాదకవర్గం వారు నన్ను అడిగారు. ముప్ఫై ఏళ్ళు ఆమెతో వేగినవాడికి ఆ మాత్రం హక్కు ఉంటుందని మనవి చేశాను.

చదువుకూ, పనికీ, క్రమంగా మనుషులకూ దూరమైపోయిన యువతను తిరిగి తరగతి గదికో పనిచోటుకో చేర్చడం మన కార్యాలయ ధ్యేయం. ఆ ధ్యేయసాధనలో మేడమ్ గారు కనబరచిన అకుంఠిత దీక్ష ప్రశంసనీయం. ఆ దీక్ష మూలంగా మన స్టాకు రిజిస్టరుకు కలిగిన క్షోభ వర్ణనాతీతం. పైకి రాని పిల్లల కోసం ఆఫీసు కుర్చీలు మెట్ల దగ్గరికి తరలిపోయేవి. తనిఖీలో రెండు కుర్చీలు తగ్గితే సంజాయిషీ రాసుకున్నది నేను. రెండు వేల నాలుగులో సీనియర్ సలహాదారుగా పదోన్నతి పొందిన ఏడాదే, పొద్దున్నే లేవలేనివాళ్ళు తనకు వద్దని భీష్మించుకు కూర్చున్న ఒక ప్రింటింగ్ ప్రెస్సు యజమాని దగ్గరికి పదకొండు మంగళవారాలు వరుసగా వెళ్ళి, నలుగురిని మధ్యాహ్నపు షిఫ్టులో చేర్పించారు. ఆ పదకొండు మంగళవారాలూ ఆమె గది ముందు బారులు తీరినవారికి సమాధానం చెప్పుకున్నదీ నేనే. రెండు వేల పన్నెండులో ఉపసంచాలకులుగా ప్రధాన కార్యాలయానికి రమ్మని పిలుపు వస్తే, "అక్కడ మెట్లెక్కేవాళ్ళు ఎవరూ లేరండీ, అందరూ లిఫ్టే" అని నవ్వేసి వదులుకున్నారు. నేను ఆ రోజు చాలా నిరాశపడ్డాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మన నమోదు పత్రంలో ఏడో గడి: 'చదువు మానివేయుటకు కారణము'. మేడమ్ గారి గది నుంచి వచ్చే ప్రతి పత్రంలోనూ ఆ గడి ఖాళీ. నేను తల ఎత్తకుండానే, "ఏడో గడి ఎవరు నింపుతారు, నేనా? పొండి, రాసుకుని రేపు రండి" అని పత్రాన్ని వెనక్కి తోసేవాణ్ణి. ఈ నిర్లక్ష్యాన్ని ఖండిస్తూ ఆమెకు నలభై ఒక్క మెమోలు రాశాను. నలభై ఒక్కసార్లూ 'గమనించడమైనది' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, సంతకం చేసి పంపారు. ఆ మర్నాడే మళ్ళీ ఖాళీ గడి.

నాలుగేళ్ళ క్రితం, ఆ ప్రెస్సులో చేరిన నలుగురిలో ఒకడు, ఇప్పుడక్కడ ఫోర్‌మన్, కొత్తగా అచ్చయిన నమోదు పత్రాల కట్ట నా బల్ల మీద దించి నవ్వాడు.

"ఏడో గడి ఇంకా ఉంచారేంటి సార్? అది ఖాళీగా వదలమని మాకు మేడమే చెప్పేవారు. 'ఆయన కసురుతాడు, కసరనీ. కసిరాక కూడా రేపు మళ్ళీ వెళ్ళగలిగితే ఇక నువ్వు ఎక్కడైనా నిలబడతావ్' అనేవారు."

నేను ఒంటికాలి మీద లేచి ఆమె గదిలోకి వెళ్ళాను. ఆమె తొణకలేదు.

"బయట వీళ్ళని కసిరేవాళ్ళకి కొదవేముందండీ? ఆ మొదటి కసురేదో మన దగ్గరే తింటే, పడిపోతే పట్టుకోవడానికి నేనుంటాను."

"ఆ మాట నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు నటించాలి. మీకు నటన రాదు."

"మరి రెండోరోజు రానివాళ్ళ సంగతేంటి?"

"సాయంత్రం వాళ్ళింటికి నేను వెళ్తాను" అన్నారామె. ఇన్నేళ్ళూ నా నోటి దురుసుకు ఎవరి కాళ్ళు అరిగాయో అప్పుడు తెలిసింది. కసరడం మానాలని చూశాను. చేతకాలేదు.

ఇక్కడ నా ఇంటి విషయం ఒకటి చెప్పక తప్పదు. రెండేళ్ళ కిందట మా అమ్మాయి డిగ్రీ మధ్యలో మానేసి గది తలుపు వేసుకుంది. ఇలాంటి పిల్లల కోసమే ఉన్న ఆఫీసులో ఇన్నేళ్ళు పనిచేసిన నేను, ఎవరైనా అడిగితే పోటీ పరీక్షలకు చదువుతోందని చెప్పాను. ఇంటికి వెళ్ళి అరిచాను. ఏడు నెలలు అరిచాను. ఆ పిల్ల నా ఎదుట కూర్చుని అన్నం తినడం మానేసింది.

ఒకనాడు పదకొండు గంటలకు కిటికీలోకి ఒక పత్రం వచ్చింది. ఏడో గడి ఖాళీ. తల ఎత్తకుండా నా పాఠం నేను అప్పజెప్పాను.

"రేపు తప్పకుండా రమ్మంటారా?" అంది ఎదుటి గొంతు. ఆ గొంతు మా అమ్మాయిది.

వరుసలో వెనక ఆరుగురున్నారు. అలవాటు కొద్దీ తల ఊపాను. ఆమె పత్రం మడుచుకుని వెళ్ళిపోయింది. నేను కిటికీ మూసి మేడమ్ గారి గదిలో పడ్డాను.

"మా అమ్మాయని తెలిసే పంపారా?"

"వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి మూడు నెలలైందండీ. మీ అమ్మాయి ఐదుసార్లు మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయింది. మీ కిటికీలోంచి మెట్లు బాగానే కనబడతాయి కదా."

"రేపు రాకపోతే?"

"మీ ఇంటికి నేనొస్తాను. మీరు మాత్రం ఈ పూట ఇంట్లో ఒక్క మాట కూడా అనకండి."

అనలేదు. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను శిరసావహించిన అత్యంత కఠినమైన ఉత్తర్వు అదే. మర్నాడు తొమ్మిదింటికే కిటికీ తెరిచాను. పది దాటింది. పదకొండు దాటింది. పన్నెండింటికి వరుసలో నాలుగో మనిషిగా మా అమ్మాయి నిలబడింది. ముందున్న ముగ్గురి పత్రాల్లో ఏముందో నేను చూడలేదు. అన్నింటికీ ముద్ర వేసేశాను. మా అమ్మాయి పత్రంలో ఏడో గడి నిండి ఉంది:

'రెండు సబ్జెక్టులు తప్పాను. నాన్నకి చెప్పడానికి భయమేసింది. ఎందుకు మానేశావని ఇంట్లో ఎవరూ అడగలేదు, తిట్టారు. ఇక్కడ అడిగారు కాబట్టి రాస్తున్నాను.'

ఆ గడి నేనే రోజూ అడిగే ప్రశ్న. ముద్ర వేశాను. అది వంకరగా పడింది. ఇప్పుడు ఆమె ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణ రెండో ఏట ఉంది. వారానికొకరోజు ఇప్పటికీ ఎగ్గొడుతుంది, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాత్రి భోజనం మాత్రం నా ఎదుటే కూర్చుని చేస్తుంది.

ఈ నెలాఖరున మేడమ్ గారు పదవీ విరమణ చేస్తున్నారు. విశ్రాంత ఉద్యోగులు తాము సజీవులమేనన్న ధ్రువపత్రాన్ని ఏడాదికోసారి సమర్పించవలసింది మా కిటికీలోనే. ఆమె సంపూర్ణ ఆరోగ్యంతో, మెట్లు వాటంగా ఎక్కే మోకాళ్ళతో ఇంకో నలభై ఏళ్ళు ఆ పత్రం తెచ్చి ఇవ్వాలని, ప్రతిసారీ ఏదో ఒక గడి ఖాళీగా వదలాలని, నా చేతా, నా తర్వాత అక్కడ కూర్చునేవారి చేతా చీవాట్లు తిని మర్నాడు కూడా రావాలని, నా తరఫున, నా భార్య తరఫున, మా అమ్మాయి తరఫున మనసారా కోరుకుంటున్నాను.

మేడమ్ గారూ, రేపు రండి.