ఓడెక్కి సముద్రాన్ని ఎతుక్కున్న బండెమ్మ

బండెమ్మే పంతం పట్టినాది, ఎల్లాజీ తప్పేటీ నేదు, ముందే సెప్పేస్తన్నాను. ఈ బండెమ్మ ఎవులంటే, మన పక్క పేటలో సేపలమ్ముకునే మనిషి. మొగుడు ఎల్లాజీ నలభయ్యేళ్లుగా ఏటకెల్తన్నాడు. ఆవిడ మాత్రం ఒక్కరోజంటే ఒక్కరోజు పడవ మీద కాలెట్టనేదంట. ఎట్టనిత్తారేటి? ఆడది పడవెక్కితే వల్లో సేప పడదని మనోళ్ల కట్టడి కదా! రోజూ ఒడ్డున నిలబడి మొగుడి పడవ కోసం సూడ్డమే. అందుకని ఆవిడికి ఒకటే కోరిక. "మావా, నీళ్ల మజ్జినుంచి సూత్తే మన ఒడ్డెలాగుంటాదో, నాను నీకెంత కనబడతానో, ఓపాలి సూడాలనుంది" అనీది. "అదెలాగవుద్దే పిచ్చిదానా" అనీవోడు.

అలాగుండగా ఏటైందంటే, ఆవిడ అన్న కొడుకు కొండబాబు పెద్ద ఓడలో రొట్టెలు కాల్చే పని సేస్తన్నాడు. ఇంటోళ్లని మూడ్రోజులు తిప్పమని ఆడికి కంపినీవోళ్లు రెండు టిక్కెట్లిచ్చినారంట. "అత్తా, పిల్లాపాపల్తో జనం ఎక్కే ఓడది. పదిహేడంతస్తులు, నాలుగేల మంది. తినడానికే పన్నెండు హోటళ్లున్నాయనుకో" అన్నాడు. ఎల్లాజీ అడ్డం పడిపోనాడు. నీటిమీద తేలేది ఏదైనా పడవే, ఆడది ఎక్కడానికి ఈల్లేదన్నాడంట. బండెమ్మ తగ్గుద్దా? "ఒరే కొండా, ఆ ఓడకి వలుందేట్రా?" "నేదత్తా." "వల నేనిది పడవెలాగవుద్ది మావా? అదో ఊరు. నాను ఊరెల్తన్నాను" అన్నాది. ఎల్లాజీ సొక్కా తొడుక్కున్నాడు.

ఎక్కినారు. ఓర్నాయనో, ఏటి సెప్పమంటారు! గదిలో మెత్తటి పరుపు, గోడకి టీవీ, కుళాయి తిప్పితే ఏన్నీళ్లు. బండెమ్మ సంబరంగా కిటికీ తీసినాది. సముద్రం నేదు! ఆ కిటికీ ఓడ లోపలికే ఉన్నాదంట. కింద తోట, తోటలో నిజం సెట్లు, సెట్ల కింద ఐసుక్రీం బండి. "మావా, సముద్రం ఏదీ?" "నానుండగా బెంగేటి? గాలెటు తగిల్తే అటే సముద్రం. నా ఎనకాల రా" అని ఎల్లాజీ సొక్కా ఇప్పీసి, రొమ్ముకి ఎటు సల్లగా తగిల్తే అటు నడిసినాడు. ఎల్లి ఎల్లి, గాలి గట్టిగా తగిల్న కాడ తలుపు తోసినాడు. ఏటది? నాటకాల హాలు, ఏసీ గాలి! మళ్లీ ఎల్లి ఎల్లి, ఇంకా సల్లగా తగిల్న కాడ తలుపు తోసినాడు. నేలంతా మంచుగడ్డ, దాని మీద పిల్లలు బూట్లేసుకుని జారతన్నారు! మళ్లీ ఎల్లి ఎల్లి తోసినాడు. పసిపిల్లల్ని దిగబెట్టే గదంట, అందరూ నిద్దరోతన్నారు. సొక్కా నేని ముసిలోణ్ణి సూసి కాపలా ఉన్న ఆయమ్మ కళ్లెర్ర సేసినాది.

"నీ గాలి సాల్లే మావా" అని బండెమ్మ, నేల తుడుస్తన్న ఓ పిల్లని ఆపీసినాది. బాస రాదు కదా, సెయ్యి పైకీ కిందకీ ఊపి అలల్లాగ సూపించినాది. ఆ పిల్ల నవ్వీసి, లిఫ్టెక్కించి పైకి అట్టుకెల్లినాది. నిజంగానే అలలు! కాపోతే నీలం గచ్చు మీద మిషనుతో తోస్తన్నారు. పక్కన మూడంతస్తుల ఎత్తు జారుడుబల్లలు, పిల్లల కేకలు. బండెమ్మ ఓ దోసెడు నోట్లో పోసుకుని ఉమ్మీసినాది. "ఉప్పు నేదు, ఇది కాదు" అనీసి, తలెత్తి కటకటాల అవతలకి సూసినాది. అదుగో, ఎటు సూసినా సముద్రమే!

ఇప్పుడు ఒడ్డు కోసం సూసినాది. ఈ పక్క సూసినాది, ఆ పక్క సూసినాది. "మావా, ఒడ్డేదీ?" "ఇంత దూరానికి కనబడదే." "మరి నీ పడవ కాడ్నించి?" "లోపలికెల్తే కనబడదు." "అయితే ఇన్నాళ్లూ నాను నిలబడితే నీకు కనబడనే నేదా?" "నేదు" అన్నాడు. ఆడే మళ్లీ, "కనబడకపోయినా నువ్వెటుపక్కున్నావో తెలిసీది కదే. అటే తెడ్డేసీవోణ్ణి" అన్నాడంట. బండెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడిసినాది. ఆడు ఆవిడ సెయ్యట్టుకుని అలాగే నిలబడిపోనాడు.

అదీ సంగతి. ఊరొచ్చినాక ఒడ్డుకెల్లడం మానీసిందా అంటే, మాననేదు. కాపోతే ఇప్పుడు కుర్చీ ఏసుకుని కూకుంటన్నాది. ఎలాగూ కనబడనప్పుడు కాళ్లు నొప్పెట్టుకోడం దేనికి అంటాది. నిజమే కదేటి!