సురేష్ నిద్రపోకూడదు

హలో… ఆ, ప్రవీణ వాళ్ళమ్మనే, సురేష్. గొంతు గుర్తుపట్టావు, సంతోషం. మెలకువగానే ఉన్నావన్నమాట.

…ఫోను చేతిలో ఉందా, స్టాండులో ఉందా?… సరే, స్పీకర్ పెట్టు. చిన్నగా. పిల్ల లేస్తుంది.

…పడుకుందా? క్యాబ్ ఎక్కీ ఎక్కగానే? రాత్రంతా ఎవరి కంప్యూటర్లకో జ్వరం చూసొచ్చింది, పడుకోనీ. కారులో ఉన్న ఇద్దరిలో ఒక్కరే పడుకోవాలి. ఆ ఒక్కరు ఎవరో మనం ముందే మాట్లాడుకున్నాం.

…తప్పే. బండి నడుపుతూ ఫోను మాట్లాడటం తప్పే. నిద్రపోతూ నడపడం ఇంకా పెద్ద తప్పు. చిన్న తప్పు నా ఖాతాలో రాసుకో.

…ఎక్కడిదాకా వచ్చావు?… కోకాపేట టవర్లా? అప్పుడే? అంటే రింగు రోడ్డు ఎక్కేశావు. సర్వీస్ రోడ్డున రమ్మన్నాను కదయ్యా… తెలుసు, గుంతలే. గుంతలో పడితే కళ్ళు తెరుచుకుంటాయని రమ్మన్నాను. ఆ నున్నటి రోడ్డు ఉయ్యాల.

…పగలు పడుకున్నావా మరి?… 'జర'నా. జర అంటే మీ కొలతలో ఎంత?… అది పడుకోవడం కాదు నాయనా, రెప్ప వెయ్యడం.

…టిఫిన్ డబ్బాలో నీకని పచ్చిమిరపకాయలు పంపాను, ఇచ్చిందా?… కొరికావా?… కారం లేదా? మా ఆయన తెచ్చినవి. ఆయనకి తగ్గట్టే ఉంటాయి.

సరే, పని చూద్దాం. ఇవాళ లింగంపల్లి స్టేషన్లో రైల్వే ఆఫీసర్‌ని కలుస్తున్నాం, మా కాలనీ వాళ్ళం. మాట్లాడేది నేను… మా ఆయన రాసిచ్చారు, 'మౌలిక సదుపాయాల సమగ్ర వికాసము' అని మొదలవుతుంది. అది వింటే నువ్వు ఇక్కడే పడుకుంటావు. నా మాటల్లో చెప్తాను. నువ్వే ఆ ఆఫీసర్‌వి. నేనేమన్నా కాదనాలి. ఒక్కదానికీ ఊఁ అనకూడదు… ఎందుకంటే, ఊఁ కొడుతూ నిద్రపోవచ్చు. పోట్లాడుతూ పోలేరు. ఇన్నేళ్ళ కాపురంలో నేను కనిపెట్టింది ఇదొక్కటే.

…అయ్యా ఆఫీసర్ గారూ. లోకల్ రైలు హైటెక్ సిటీ నుంచి హఫీజ్‌పేట్ మీదుగా లింగంపల్లి దాకా వస్తుంది. అక్కడినుంచి ఒకటీ అరా తెల్లాపూర్ వైపు తొంగిచూస్తాయి. మావైపు ఒక్కటీ చూడదు. శంకర్‌పల్లి దారిలో ఒక్కో టవర్లో ఒక్కో ఊరుంది సార్. కొత్తగా పట్టాలు వెయ్యమనడం లేదు, మా ప్రహరీ గోడ వెనకే ఉన్నాయి. బొంబాయి వెళ్ళేవాళ్ళు మా కిటికీలు ఊపేసి మరీ వెళ్తారు. మా పిల్లలు ఆఫీసుకి వెళ్ళే బండే లేదు. ఆ లోకల్‌ని ఇంకొంచెం ముందుకు పొడిగించి, ఒక ప్లాట్‌ఫారం కట్టి, కాసేపు ఆపండి. అంతే.

…ఊఁ, అడుగు. 'రింగు రోడ్డుండంగ రైలెందుకమ్మా' — బాగుంది, అసలు ఆఫీసరూ అదే అంటాడు. రోడ్డుంది సార్. దాని మీద నడిపేవాడికే నిద్ర లేదు… నవ్వు, నవ్వు. నవ్వినా మంచిదే.

…ఇంకా?… 'అంత పొద్దున ఎవరెక్కుతరు.' షిఫ్టు దిగిన ఆడపిల్లలు ఎక్కుతారు. వాచ్‌మెన్లు, ఆఫీసులు ఊడ్చేవాళ్ళు ఎక్కుతారు. మా కొమురమ్మ ఎక్కుతుంది. లింగంపల్లిలో ఆటో కోసం నిలబడేసరికే దాని ఓపిక సగం అయిపోతోంది సార్, మిగతా సగంతో మా అంట్లు తోముతోంది. గిన్నెలు చూస్తే మీకే తెలుస్తుంది.

…

…సురేష్.

…సురేష్, ఆఫీసర్ గారు ఏమీ అనలేదు.

…ఉన్నావా. మరి పలకవేం?… ఆలోచిస్తున్నావా. కళ్ళు తెరిచి ఆలోచించు. కిటికీ దించు. పూర్తిగా.

…ఏదీ, మళ్ళీ అను… 'రైలొస్తే మా బతుకేంగావాలె.' ఇది ఆఫీసర్ మాట కాదు, నీ మాట. మొదటిసారి నిజంగా పోట్లాడావు. చెప్తాను విను. రైలు మా గుమ్మంలోకి రాదు. స్టేషన్ నుంచి ఇంటికి బండి కావాలి. దగ్గర దగ్గర ట్రిప్పులు, మనుషులు తిరిగే వేళల్లో. రాత్రి నీ మంచం మీద నువ్వు… మీ ఆవిడ మమతనే అడుగు, నిన్ను మంచం మీద చూసి ఎన్నాళ్ళయిందో… నమ్మకం లేదా. పోనీలే, మీటింగులో నీ మాట కూడా చెప్తాను. డ్రైవర్ల పొట్ట కొట్టకుండా స్టేషన్ దగ్గర స్టాండు కావాలని. నీ పేరు చెప్పను.

…ఆ గరగర ఏంటి?

…సురేష్, టైర్ల చప్పుడు విన్నాను. రోడ్డు అంచున గట్లుంటాయి, బండి పక్కకి జరిగితే అలాగే అరుస్తాయి… 'ఏం గాలే' అనకు. లారీ హారన్ కూడా విన్నాను.

…ఆపు బండి… ఆపనివ్వరు, ఫైనేస్తారు, తెలుసు… దిగే దారి ఎంత దూరం?… కొల్లూరు బోర్డు కనపడుతోందా? చదువు. పైకి చదువు… దాని కింద ఏముంది?… అదీ చదువు. కళ్ళకి ఏది కనపడితే అది చెప్తూ ఉండు, నేను వింటాను… క్రేను… ఇంకో క్రేను… టిప్పరు. ఆగి ఉందా, నడుస్తోందా?… వెనక లైట్లు లేవా?… దూరంగా పో. కుడికి, ఇంకా కుడికి. మాట్లాడు, సురేష్.

…దాటావా?… 'దాటిన' అని ఇంకోసారి అను.

…పిల్ల లేవలేదా?… లేపకు. కాదు, లేపు… వద్దు వద్దు. ఉలిక్కిపడి కేకేస్తుంది, నువ్వూ ఉలిక్కిపడతావు. అలాగే ఉండనీ.

…దిగావా రింగు రోడ్డు? స్పీడ్ బ్రేకరే కదా అది? దబ్‌మంది. ఇంత చక్కటి చప్పుడని ఇన్నాళ్ళూ తెలియలేదు.

…నేను బాల్కనీలో ఉన్నాను. తెల్లారింది, పాల బండి వచ్చింది. ఆ మలుపులో కారు నీదేనా? లైట్లు ఒకసారి ఆర్పి వెలిగించు… నీదే. మెల్లగా రా. గేటు దగ్గర ఆపు. ఆపేశావా?

…ప్రవీణా. లే అమ్మా, ఇల్లొచ్చింది. బ్యాగు చూసుకో… దిగింది. కనపడుతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది, ఇంజనీరు గారు.

…సురేష్, ఇంజను ఆపెయ్యి. పైకి రా. కాఫీ తాగి హాల్లో పడుకో, చాప వేస్తాను. మా ఆయన గురక ఒక్కటే కష్టం… ఎందుకు కాదు?

…ఇంకో ట్రిప్పా?

…ఎవర్ని?… శ్రీలత. పక్క కాలనీ. పొద్దుటి షిఫ్టుకి, మళ్ళీ హైటెక్ సిటీకే… రాత్రంతా నడిపినవాడికి పగలు డ్యూటీ వేసిన బుద్ధిమంతుడు ఎవరు?… నువ్వే అడిగావా.

…ఏమన్నావు? మళ్ళీ చెప్పు.

…'మీరు ఫోన్ జేసి నిద్ర రానియ్యరు గదమ్మా. గా ధైర్యంతోనే రెండో డ్యూటీ గూడ ఒప్పుకున్న.'

…

…వింటున్నాను. ఎప్పటి నుంచి?… నేను ఫోను చెయ్యడం మొదలుపెట్టిన వారం నుంచే. అంటే, పగలు నువ్వు పడుకునే నిద్ర కూడా… నేను నా కూతురి కోసం చేశానయ్యా. క్షేమంగా ఇల్లు చేరుతుందని. నేను నిన్ను లేపి ఉంచుతున్నాననుకున్నాను. ఆ క్యాబుల వాళ్ళ దగ్గరికి ఇంకో పూట పనికి పంపిస్తున్నాననుకోలేదు.

…కిరాయి, పిల్లల ఫీజు, తెలుసు. కారణం అడగలేదు నేను.

…సరే, అయితే ఇలాగే లైన్లో ఉంటాను, ఆ అమ్మాయి ఎక్కాక కూడా. మీటింగుకి ఇంకా చాలా టైముంది… ఎందుకొద్దు?… డ్రైవర్ ఫోను మాట్లాడితే ఆ అమ్మాయి ఫిర్యాదు చేస్తుందా. అందులో తప్పేం లేదు. ప్రవీణకి నేను నేర్పిందీ అదే.

…మరి నిద్ర లేదని నువ్వే చెప్పు ఆ అమ్మాయికి… చెప్తే రెండు డ్యూటీలూ పోతాయి. నాకు అర్థమైంది… వాళ్ళమ్మ నంబరుందా? పోనీ ఆ అమ్మాయిదే?… యాప్‌లో దాచేస్తారా. ఆడపిల్లల నంబర్లు దాచడం మంచిదే. అన్నీ మంచివే. ఏదీ తప్పు కాదు, చూడు.

…కదిలావా? ఆగు. సురేష్, పైనుంచి చూస్తున్నాను. కుడివైపు ఇండికేటర్ వేసి ఎడమకి తిరిగావు.

…'అలవాటైన తొవ్వనే' అనకు. ఈ ఒక్క పూటకీ మానెయ్. పొద్దుటి డ్యూటీ డబ్బులు నేనిస్తాను, ప్రవీణ వాళ్ళ నాన్నకి చెప్పను కూడా… దాని గురించి కాదా. ఇవాళ రాకపోతే రేపు పిలవరు. ఊఁ.

…ఆవలించావు. ఇప్పుడే. దాచకు, విన్నాను.

…ఆగింది బండి. తలుపు చప్పుడు. ఎక్కిందా?… పెట్టెయ్యకు, ఒక్క నిమిషం. నా మీద కోపం తెచ్చుకుంటావు, తెచ్చుకో. డ్యూటీ పోతే తర్వాత నన్ను తిట్టు, ఇంటికొచ్చి తిట్టు.

అమ్మా శ్రీలతా. వినపడుతోందా తల్లీ? నీకు నేను తెలియదు, పక్క కాలనీలో ఉంటాను. దిగిపో అమ్మా. ఆ కారు దిగి ఆటో ఎక్కు. అతను నిన్నటి నుంచి నిద్ర—

హలో.

హలో, సురేష్.

…వచ్చావా ప్రవీణా. ఆ చెప్పులు కింద పెట్టు, ఇటు రా. పక్క కాలనీలో శ్రీలత అని, మీ హైటెక్ సిటీలోనే చేస్తుందట, తెలుసా నీకు?… పోనీ, ఆ అమ్మాయి తెలిసినవాళ్ళెవరైనా నీకు తెలుసా?