బుగ్గలో పటికబెల్లం

వద్దమ్మాయ్, నా టీలో పంచదార వెయ్యొద్దు. సుగరా? అబ్బే, నాకే జబ్బూ లేదు. ఉన్న నాలుగు పళ్ళూ ఊడిపోకుండా ఉండాలని, అంతే. ఎవరు చెప్పారంటావేంటి? ఎజ్రా చెప్పాడు. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయాడు, తొంభయ్యేడులో. తెనాలిలో మా బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించేవాడు, నేను పక్కన డ్రమ్ము కొట్టేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు ఒకే మేళం. చర్చిలో పెళ్ళైనా, గుళ్ళో కల్యాణమైనా మేమే. కూర్చో, ఆ స్టూలు మీద కాదు, దాని కాలు విరిగింది. ఇలా మంచమ్మీద కూర్చో.

డ్రమ్ముకైతే చేతులు చాలు, నోట్లో పన్ను లేకపోయినా అడిగేవాడు లేడు. క్లారినెట్టుకి అలా కుదరదు. దాని మూతిని పైపళ్ళకి ఆనించి, కింది పెదవితో బిగబట్టి ఊదాలి. ముందుపళ్ళు కదిలాయా, పాట పోయినట్టే. అలాంటి పళ్ళని పెట్టుకుని మావాడేం చేసేవాడో తెలుసా? బుగ్గలో పటికబెల్లం ముక్క. అది కరిగిపోగానే ఇంకోటి. ఊరేగింపంటే మూడు గంటలో, నాలుగు గంటలో. వీధి మలుపు తిరిగినప్పుడల్లా నా వైపు చెయ్యి చాచేవాడు, పొట్లం నా జేబులో ఉండేది మరి. మధ్యమధ్య నేనూ నాలుగు నోట్లో వేసుకునేవాణ్ణి, అది వేరే సంగతి. నోరు ఆరిపోకూడదని వాళ్ళ గురువు నేర్పిన పద్ధతి అది. రాజారత్నం మాస్టారని, పిట్టలవానిపాలెం ఆయన. ఇటు బాపట్ల, అటు రేపల్లె దాకా క్లారినెట్టు పట్టినవాళ్ళంతా ఆయన శిష్యులే. పాఠానికి ముందు ప్రార్థన చేసి, తన చేత్తో ఒక్కొక్కడి నోట్లో ఒక ముక్క పెట్టేవాడు. ‘కొరక్కు అబ్బాయ్, బుగ్గన పెట్టుకో’ అని. కన్నతల్లి పెట్టినట్టు పెట్టేవాడంటే నమ్ము. అంతటాయనా నలభయ్యారో ఏట వాయించడం ఆపేశాడు. ఊపిరి చాలట్లేదన్నాడు. మేమూ అలాగే అనుకున్నాం.

ఎనభయ్యారులో బాపట్లలో ఒక పెళ్ళి. పాట మధ్యలో మావాడు దవడ పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. మర్నాడు తెనాలిలో పళ్ళ డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. చలపతిరావు గారని, మెల్లిగా మాట్లాడేవాడు, కానీ ఆ మాట తగిలిందంటే వారం రోజులు మంట. ‘ఏమయ్యా, తీపి బాగా తింటావా?’ అన్నాడు. ‘లేదండి, లడ్డూలూ అవీ ముట్టనండి. చిన్న పటికబెల్లం ముక్క, అంతేనండి.’ ‘ఎంతసేపుంటుంది నోట్లో?’ ‘ఊరేగింపు అయ్యేదాకా అండి.’ ఆయన చేతిలో ఉన్న బుల్లి అద్దం కింద పెట్టేశాడు. ‘లడ్డూ తిని నోరు కడుక్కునేవాడు నీకంటే నయం. నోట్లో తీపి ఉన్నంతసేపూ క్రిములు దాన్ని తిని పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు పన్నుని తినేస్తుంది. నువ్వు వాటికి గంటల తరబడి విందు పెడుతున్నావు. దవడపళ్ళు రెండు పోయినట్టే. ముందువి తీపి మానేస్తే నిలుస్తాయి, మానకపోతే రెండేళ్ళు’ అన్నాడు. ఎజ్రాకి కోపం వచ్చింది. ‘మా మాస్టారు జీవితమంతా పెట్టుకున్నారండి!’ అన్నాడు. ‘అలాగా. ఆయనకి పళ్ళున్నాయా?’ అన్నాడు డాక్టరు. అమ్మాయ్, మాస్టారికి నలభై అయిదుకే పై వరసలో పన్ను లేదు. మేమందరం చూశాం. చూసి కూడా ఒక్కడికీ తట్టలేదు.

మానేశాడు. టీలో కూడా మానేశాడు, వాళ్ళావిడ రాజమ్మ ‘ఈ కషాయం తాగే బదులు టీయే మానెయ్యరాదా’ అని ఒకటే గొణుగుడు. అయితే మానడం మాటలా? రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో పెళ్ళికి వెళ్తే, నోరు పిడచకట్టుకుపోయి క్లారినెట్టు కీచుమంది. పెళ్ళికొడుకు మేనమామ ‘మేళాన్ని పిలిచామా, పిల్లిని పిలిచామా’ అనేశాడు, అందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది. మేళం పరువు కదా! జేబులో ఒక ముక్క మిగిలి ఉంటే, ఎవరూ చూడకుండా వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని నా డ్రమ్ము మీద పెట్టేశాడు. ‘సుందరయ్యా, ఈ ఊదడం పోతే నాకు ఇంకో పని చేతకాదురా’ అన్నాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ముక్కని కాలవలోకి విసిరేశాను, ఆ మర్నాటి నుంచీ డ్రమ్ముతో పాటు నీళ్ళ సీసా మోశాను. మలుపు మలుపుకీ ఒక గుక్క. నెల తిరిగేసరికి వాడికి చిగుళ్ళ రక్తం ఆగింది. జివ్వుమనడం తగ్గింది. ఆరు నెలలకి చలపతిరావు గారు చూసి ‘ఇంక హాయిగా ఊదుకో’ అన్నాడు. పోయే ముందు నెల దాకా ఊదాడమ్మాయ్, సొంత పళ్ళతో. తోటి శిష్యులందరి ఇళ్ళకీ, కొల్లిపర నుంచి రేపల్లె దాకా, తిరిగి తిరిగి చెప్పాడు, మానెయ్యండ్రా అని. విన్నవాడు విన్నాడు, నవ్వినవాడు నవ్వాడు.

ఇక మిగిలింది మాస్టారు. ‘ఆయన ఊపిరికేం కాలేదురా, పళ్ళే పోయాయి. ఆ సంగతి ఆయనకి చెప్పాలి. చలపతిరావు గారి చేత పళ్ళు కట్టిస్తే మళ్ళీ వాయిస్తారేమో’ అని బయల్దేరదీశాడు. రైలు దిగి, బాపట్లలో బస్సెక్కి, దారి పొడుగునా ఎలా చెప్పాలో వల్లె వేసుకుంటూనే ఉన్నాడు. మాస్టారు బాగా ముసలాయన అయిపోయాడు. మమ్మల్ని చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు. ‘దేవుడు నాకిచ్చిన ఊపిరి ఆయనే తీసుకున్నాడు, నాకేం బాధ లేదు. మీ పాట నిలబడింది కదా. మీకు నేను చేసిన మేలు అదొక్కటేగా’ అంటూ గూట్లోంచి డబ్బా దించాడు. ఒక ముక్క తీసి ఎజ్రా నోటి దగ్గర పెట్టాడు. ‘మర్చిపోలేదు కదా అబ్బాయ్, బుగ్గన పెట్టుకుంటున్నావా?’ అన్నాడు.

నేను ఎజ్రా మొహం వంక చూశాను. ఇప్పుడు చెప్తాడు, ఇదిగో చెప్తాడు అనుకున్నాను. వాడు నోరు తెరిచి, ఆ ముక్క అందుకున్నాడు. ‘పెట్టుకుంటున్నానండి మాస్టారూ’ అన్నాడు.

బయటికి వచ్చాక బస్టాపు దగ్గర పంపు ఉంటే, అక్కడ ఉమ్మేసి పుక్కిలించాడు. పుక్కిలించి, పుక్కిలించి, ఇంక మొహం కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఏడుస్తున్నాడని నాకు తెలుసు. నేను పంపు కొడుతూనే ఉన్నాను.

...

ఆ కిటికీ తలుపు కాస్త వెయ్యమ్మాయ్, దుమ్ము వచ్చేస్తోంది.