దగ్గు ఆపే విద్య

కొడకండ్ల పక్క పల్లె. రజాకార్లు ఇల్లిల్లూ సోదా చేస్తున్నారు. నర్సమ్మ ఇంట్లో జొన్నపాతర బండ మీద గొంగడి పరుచుకుని కురవి జంగమయ్య కూర్చున్నాడు. బండ కింద, జొన్నలు దాచే ఆ నేలగోతిలో ఆమె కొడుకు ఓదెలు. సంఘం మనిషి, ఉబ్బసం రోగి. పక్కనే కూలబడ్డ నర్సమ్మకు చెవులు తప్ప ఒంట్లో ఇంకేదీ పనిచేయడం లేదు.

"మెల్లగ మాట్లాడు నర్సమ్మా. పక్కింట్లనే ఉన్నరు."

"మాట్లాడకుంటె గుండె ఆగేటట్టున్నదయ్యా. వాడు గిన దగ్గిండంటె..."

"దగ్గడు."

"ఎట్ల దగ్గడు? రాత్రంత దగ్గిండు. కుక్కలు గూడ లేచి మొరిగినయ్."

"ముక్కుతోని గాలి పీల్చి, లోపల నిలిపి, మెల్లగ ఇడిస్తె దగ్గు దానంతటదే అణుగుతది. నేను అడవిల దళం కాడికొచ్చి వానికి నెల రోజులు నేర్పలేదా? ఇది నిన్నమొన్నటి ఇద్దె కాదు. ఈ నిజాములు పుట్టకముందే శివుడు చెప్పిండు. రుషులు పట్టిన్రు. గురువు నోట్లెకెల్లి శిష్యుని చెవులకు దిగుకుంట నా దాక వచ్చింది."

"గంత పాతదైతె మా వాడకు రానీకి ఇన్నేండ్లు పట్టిందా? గడీల కూసోని దొర పొట్టకు ఆసనాలు చెప్తివి. మా దిక్కు చూడకపోతివి."

"దెప్పకు. ఇయ్యాల నీ ఇంట్ల కూసున్న గద."

"కూసున్నవ్ తియ్. నా పానం దడదడలాడుతాంది, దానికేమన్న ఉన్నదా నీ ఇద్దెల?"

"ఉన్నది. యోగమంటె ఒళ్ళు వంచుడొక్కటే కాదు. ఊపిరి కుదిరితె మనసు కుదురుతది. మనసు కుదిరితె నిద్ర పడుతది, ఆకలైతది..."

"అంబలి లేనోనికి ఆకలెందుకయ్యా!"

"నవ్వకు, ఇంటరు."

"నవ్వుతున్ననా? నా ఏడుపే గిట్లుంటది. అయ్యా... చెప్పుల సప్పుడు. రజాకార్లు మన వాకిట్లకొచ్చిన్రు."

"ఏయ్ బుడ్డీ! కొడుకేడి?"

"బతుకపోయిండు దొరా. ఏ ఊరో నాకేమెరుక."

"ఈ జంగపోడెవడు?"

"కురవి ఈరభద్రుని కాడి అయ్య. పానం బాగలేదని ఇభూతి పెట్టనొచ్చిండు."

"ఇల్లంత చూసినం, లేడు. నీళ్ళు తే. అరుగు మీదనే కూసుంటం. వాడొచ్చేదాక కదలం."

"తెస్తున్న దొరా, తెస్తున్న."

"నర్సమ్మా, నీళ్ళిచ్చినవా?"

"ఇచ్చిన. చుట్టలు అంటిచ్చిన్రు. ఇగ ఇప్పట్ల లేవరు."

"లేవకపోనీ. కింద ఇసుమంత సప్పుడన్న ఉన్నదా? నా దగ్గర ఎంతమంది నేర్సుకున్నరు, ఇంత జల్ది కుదిరినోన్ని చూడలె."

"అవునయ్యా. దగ్గే లేదు. నీ కాళ్ళు మొక్కుత. నోటికొచ్చింది అంటి గని, నీ ఇద్దె గొప్పదే. గాలి ఆడాలెనని బండ జర ఎడం పెట్టిన. ఆ ముక్కిన జొన్నల వాసనకు నాకే తల తిరిగింది, బండ జరపంగనె."

"తల తిరిగిందా? పాతర ఎప్పుడు తీసిన్రు?"

"ఈ ఏడు తియ్యనే లేదు. వాళ్ళొస్తున్రని తండా సక్రు ఉరికొచ్చి చెప్తె, అప్పటికప్పుడు తీసి వాన్ని దించిన."

"జరసేపు గాలాడనియ్యలేదా?"

"యాళ్ల ఏడుందయ్యా?"

"నర్సమ్మా... ముందుగాల దీపం దించి చూసినవా?"

"దీపమా..."

"దించినవా లేదా?"

"ఏటా ఓదెలు నాయిన దించేటోడు. దీపం ఆరితె లోపల ఇషపు గాలి ఉన్నది, మనిషి దిగొద్దనేటోడు. ఆయన పోయినంక... నేను దించలే అయ్యా. మర్సిపోయిన. లే, లే, బండ జరుపుదం!"

"ఎట్ల జరుపుదమే? వాకిట్ల తుపాకులున్నయ్. బండ కదిలిన సప్పుడైతె వాన్నీ మననూ ఈడనే..."

"మరి నువ్వే చెప్పు! శివుడు చెప్పిండంటివి గద, దీనికేం చెప్పిండో చెప్పు!"

"ఆగు, బండకు చెవి ఆనిచ్చి ఇననియ్యి."

"చెప్పవా? ఓదెలూ... కొడుకా... ఒక్కసారి దగ్గు బిడ్డా."